స్టీలా, టైటానియమా? ఒంట్లో లోహం నిలవడం వెనక లెక్కలు

నెల్లూరు పొగతోటలో ఎముకల ఆసుపత్రుల ముందు కాసేపు నిలబడితే చాలు, ఈ మాట చెవిన పడుతుంది: "స్టీలు వెయ్యమంటారా, టైటానియం వెయ్యమంటారా?" హైవే మీద బైకు జారి కాలు విరిగిన కుర్రాడి తండ్రినీ అడుగుతారు, బాత్రూంలో పడి తుంటి విరిగిన అవ్వ కొడుకునీ అడుగుతారు. ఆయన ముందు రేటు కనుక్కుంటాడు. తర్వాత "ఏది మంచిది సార్?" అంటాడు. "టైటానియం అయితే ఒంటికి పడుతుంది" అని జవాబు వస్తుంది. పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చేద్దామని వెనకున్న బంధువు ఇంకోసారి గొణుగుతాడు. సంతకం పెట్టేస్తారు.

ఆ జవాబు అబద్ధం కాదు గానీ సగమే నిజం. ఏ లోహమూ దానంతట అది ఒంటికి పడదు. పైన ఏ పొర ఉంది, ఏ చోట పెట్టారు, ఎన్నాళ్లు ఉంచుతారు, పక్కన ఏది రాసుకుంటోంది అన్నవన్నీ కలిస్తే గానీ అది పడిందో లేదో తేలదు. ఒకే కోబాల్ట్-క్రోమియం మిశ్రమం మోకాలిలో ఇరవై ఏళ్లు చప్పుడు లేకుండా పనిచేస్తుంది, తుంటిలో ఒక ప్రత్యేకమైన డిజైన్‌లో పెడితే వేలమందిని కోర్టుల చుట్టూ తిప్పింది. ఇంప్లాంట్ లోహాలను మెరుగుపరచడమంటే కొత్త లోహం కనిపెట్టడమేనని చాలామంది అనుకుంటారు. ఆ పనిలో ఎక్కువ భాగం ఉన్న లోహాల పైపొరను, గట్టిదనాన్ని, జతను సరిచేసుకోవడమే.

ముందు లోహం వైపు నుంచి చూద్దాం. ఒంట్లోకి వెళ్లిన ప్లేటు ఉండేది ఉప్పునీళ్లలో. మన రక్తంలో, కణాల చుట్టూ ఉండే ద్రవం ఉప్పదనం దాదాపు సెలైన్ బాటిల్ అంత, అంటే 0.9 శాతం. సముద్రపు నీటిలో 3.5 శాతం దాకా ఉంటుంది. మైపాడు సముద్రపు నీటిలో నాలుగో వంతు ఉప్పదనం, 37 డిగ్రీల వేడి, ఎప్పుడూ ఆరని తడి, వీటికి తోడు ప్రొటీన్లు. మామూలుగా 7.4 దగ్గర ఉండే పీహెచ్, దెబ్బ తగిలి వాచిన చోట, చీము పట్టిన చోట ఆమ్లం వైపు దిగుతుంది. తెల్లకణాలు పరాయి వస్తువు కనపడితే దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటైన రసాయనాలు వదులుతాయి. మామూలు ఇనుము ఇందులో ఎక్కువ కాలం నిలవదు. బంగారం నిలుస్తుంది, కానీ అది మెత్తన, తొడ ఎముక మోసే బరువు మోయలేదు.

మరి స్టీలు ఎలా నిలుస్తోంది? ఇంప్లాంట్లకు వాడే 316ఎల్ రకం స్టీలులో ఇనుముతో పాటు క్రోమియం 17 నుంచి 19 శాతం, నికెల్ 13 నుంచి 15 శాతం, మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటాయి. కార్బన్ 0.03 శాతం దాటనివ్వరు. ఇందులోని క్రోమియం ఆక్సిజన్ తగలగానే పైన సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. గీత పడినా క్షణాల్లో మళ్లీ కట్టుకుంటుంది. టైటానియం మీద టైటానియం డయాక్సైడ్ ఇదే పనిని ఇంకా గట్టిగా చేస్తుంది. అంటే శరీరం తాకుతున్నది అసలు లోహాన్ని కాదు, దాని మీది ఆక్సైడ్‌ని. ఆ పొర ఉన్నంతకాలం కిందిది స్టీలైనా, టైటానియమైనా ఒంటికి పెద్దగా తెలియదు.

పొర మళ్లీ కట్టుకోవాలంటే మాత్రం ఆక్సిజన్ అందాలి. చిక్కంతా ఇక్కడే. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు చేసేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. గుంటలో నీళ్లు చిలికే ఏరియేటర్‌కి బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు పైకి తళతళలాడుతూనే ఉంటుంది, విప్పి చూస్తే వాషర్ కింద తినేసి ఉంటుంది. పైన నీళ్లు ఆడుతుంటాయి కాబట్టి ఆక్సిజన్ అందుతూ ఉంటుంది. వాషర్ కింద ఇరుక్కుపోయిన నీటిలో ఉన్న ఆక్సిజన్ కాస్తా అయిపోతుంది, పొర మళ్లీ కట్టదు. లోహం అయాన్లుగా కరుగుతుంది. ఆ అయాన్ల వెంట క్లోరైడ్ లోపలికి చేరుతుంది. ఇరుకులోని నీరు ఆమ్లంగా మారి ఇంకాస్త లోహాన్ని కరిగిస్తుంది. ఒకసారి మొదలైతే తనకు తానే ఊపందుకునే క్షయం ఇది. ప్లేటుకీ స్క్రూ తలకీ మధ్య సందులో జరిగేదీ ఇదే. పైగా అక్కడ మనిషి వేసే ప్రతి అడుగుకీ స్క్రూ తల ప్లేటు మీద మైక్రాన్ల మేర రాసుకుని, కట్టిన పొరను కట్టినట్టే గీకేస్తుంది.

కావలిలో మా పెదనాన్న తన కాలిలోంచి తీసిన స్టీలు ప్లేటుని పాత మందుల డబ్బాలో దాచుకున్నాడు. ఎనిమిది రంధ్రాల ప్లేటు. వెలుతురులో తిప్పితే నడుమ భాగం ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది. రంధ్రం లోపలి అంచున, సరిగ్గా స్క్రూ తల కూర్చున్న చోట, నెలవంక ఆకారంలో ఒక మసక మచ్చ ఉంది. భూతద్దం పెడితే ఆ మచ్చలో సూదిమొనతో పొడిచినట్టు చుక్కలు కనిపిస్తాయి. మిగతా ఏడు రంధ్రాల్లోనూ అంతో ఇంతో అదే వరస. ఆయన కాలు మటుకు బ్రహ్మాండంగా అతికింది, రోజూ పొలం గట్టు మీద నడుస్తాడు. స్టీలు ప్లేటు తీసేటప్పుడు చుట్టూ కండ కాస్త నల్లబారి ఉండటం సర్జన్లకు అలవాటైన దృశ్యమే. చాలామందిలో దానివల్ల ఏ హానీ ఉండదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాడిన వనేడియం స్టీలు ప్లేట్లు గట్టివే, కానీ ఒంట్లో తుప్పు పట్టేవి. తర్వాత క్రోమియం-నికెల్ స్టీలు వచ్చింది. గుంటలు పడకుండా అందులో మాలిబ్డినం కలిపారు. కార్బన్ ఎక్కువైతే అది క్రోమియాన్ని పట్టుకుని స్ఫటికాల సరిహద్దుల్లో కూర్చుంటుంది, ఆ సరిహద్దుల్లో పొర కట్టడానికి క్రోమియం మిగలదు. అందుకే కార్బన్ తగ్గించారు. లోహంలో మలినాలు పోవడానికి వాక్యూమ్‌లో మళ్లీ కరిగించడం, తయారైన ప్లేటుని విద్యుత్తుతో నునుపు చేయడం, చివర నైట్రిక్ ఆమ్లంలో ముంచి పొరను గట్టిపరచడం అన్నీ ఇప్పుడు మామూలు పనులు. బయటివాళ్లకు కనపడని ఈ చివరి స్నానం సరిగ్గా జరగకపోతే, ఎంత ఖరీదైన మిశ్రమమైనా దండగే.

ఎంత చేసినా ఎంతోకొంత లోహం అయాన్లుగా బయటికి వస్తుంది. అది ఏ లోహం, ఎంత అన్నది తర్వాతి ప్రశ్న. అందరికీ తెలిసింది నికెల్. రోల్డ్ గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే చెవి దురద పెట్టి రసి కారేవాళ్లలో చాలామందికి పడనిది నికెలే. అలాంటివాళ్లు ఆ సంగతి సర్జన్‌కి ముందే చెప్పడం మంచిది. అయితే కమ్మ పడని ప్రతివాళ్లకీ ప్లేటు కూడా పడదని అనుకోనక్కర్లేదు, చర్మం స్పందించే తీరు వేరు, లోపలి కణజాలం స్పందించే తీరు వేరు. నికెల్ బదులు నైట్రోజన్, మాంగనీసు కలిపిన స్టీళ్లు కూడా ఉన్నాయి.

ఇక్కడో విచిత్రం ఉంది. రక్తనాళాల్లో వేసే తనంతట తాను విచ్చుకునే స్టెంట్లు చాలావరకు నిటినాల్ అనే నికెల్-టైటానియం మిశ్రమంతో చేస్తారు. బరువులో సుమారు 55 శాతం నికెలే, స్టీలులో ఉన్నదానికి దాదాపు నాలుగు రెట్లు. అయినా సరిగ్గా తయారైన నిటినాల్ నుంచి బయటపడే నికెల్ చాలా తక్కువ. ఉపరితలాన్ని నునుపు చేసి, పైన టైటానియం ఆక్సైడ్ మాత్రమే మిగిలేలా చూస్తారు, నికెల్ లోపలే బందీగా ఉంటుంది. అదే మిశ్రమాన్ని పైపొర సంగతి పట్టించుకోకుండా వదిలేస్తే నికెల్ ధారాళంగా కారుతుంది. లోపల ఏముందన్నదాని కంటే పైన ఏముందన్నదే ముఖ్యమనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

టైటానియంలో ఎక్కువ వాడేది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిపిన రకం. అది ముందు విమానాల కోసం పుట్టింది, తర్వాత ఆసుపత్రికి వచ్చింది. ల్యాబులో వనేడియం అయాన్లు కణాలకు విషమని తేలడంతో, 1980ల్లో స్విట్జర్లాండ్‌లో దాని బదులు నయోబియం కలిపిన రకాన్ని తయారుచేశారు. అయినా పాత రకమే ఇప్పటికీ ఎక్కువ చెలామణిలో ఉంది. ల్యాబులో పుట్టిన భయం రోగుల్లో ఆ స్థాయిలో కనిపించకపోవడం దానికి ఒక కారణం. డిష్‌లో పెంచిన కణం చచ్చిపోయిందంటే మనిషికీ అంతే అవుతుందని కాదు, అలాగని కొట్టిపారేసే విషయమూ కాదు.

అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది. తుంటి కీలు మార్చేటప్పుడు బంతీ గిన్నే రెండూ కోబాల్ట్-క్రోమియంతోనే చేస్తే ప్లాస్టిక్ అరిగే గొడవ ఉండదు, ఎక్కువ కాలం మన్నుతుందని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. కాగితం మీద లెక్క బాగానే ఉంది, అరిగే లోహం పరిమాణం నిజంగానే తక్కువ. కానీ అరిగినప్పుడు రాలే కణాలు నానోమీటర్ల సైజులో, లెక్కపెట్టలేనన్ని. పరాయి వస్తువుల్ని మింగే మ్యాక్రోఫేజ్ కణాలు వాటిని మింగుతాయి, లోపల ఆమ్లంలో అవి కరిగి కోబాల్ట్, క్రోమియం అయాన్లు అవుతాయి, మింగిన కణం చచ్చి వాటిని మళ్లీ బయటికి వదులుతుంది. కీలు చుట్టూ కండ కుళ్లడం, గడ్డలు కట్టడం, ఎముక కరగడం మొదలవుతాయి. రక్తంలో కోబాల్ట్ బాగా పెరిగిన కొందరిలో వినికిడి, థైరాయిడ్, గుండె కూడా దెబ్బతిన్నాయి. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఇలాంటి కీళ్లున్నవాళ్లకు రక్తంలో కోబాల్ట్ గానీ, క్రోమియం గానీ లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్తగా చూడాలని హద్దు పెట్టింది.

2010 ఆగస్టులో జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డీప్యూ సంస్థ ఏఎస్ఆర్ అనే తన తుంటి కీళ్లను ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. అప్పటికే సుమారు 93 వేల మందికి వాటిని అమర్చేశారు. మన దేశంలో దాదాపు 4,700 సర్జరీలు. ఆ డిజైన్‌లో గిన్నె లోతు తక్కువ. అమర్చేటప్పుడు కోణం కాస్త తేడా పడితే బంతి గిన్నె అంచు మీద రాసుకునేది, మధ్యలో ఉండాల్సిన కందెన ద్రవం నిలిచేది కాదు. మిశ్రమం మాత్రం దశాబ్దాలుగా వాడుతున్నదే. మోకాలు మార్పిడిలో అదే కోబాల్ట్-క్రోమియం పాలిథీన్ మీద తిరుగుతూ ఇవాళ్టికీ నిక్షేపంగా పనిచేస్తోంది.

టైటానియం పేరు చెప్పగానే ఇక తిరుగులేదనుకునేవాళ్లకు మన చిత్ర వాల్వు కథ చెప్పాలి. తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం గుండె కవాటం తయారీని టైటానియంతోనే మొదలుపెట్టింది. నమూనాలు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతిన్నాయి. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చిన కవాటంలో ఉన్నది కోబాల్ట్ ప్రధానంగా గల హేన్స్-25 మిశ్రమం, అందులో పాలిథీన్ రేకు. టైటానియంకి రాపిడి పడదు. ఎముకలో కదలకుండా కూర్చోమంటే దానంత మంచిది లేదు గానీ, రోజుకు లక్షసార్లు కొట్టుకునే చోట అది బలహీనం. తుంటి బంతులు టైటానియంతో చేయకపోవడానికీ అదే కారణం. రాపిడి తట్టుకోవడానికి జిర్కోనియం మిశ్రమాన్ని గాలిలో వేడిచేసి పైన కొన్ని మైక్రాన్ల సిరామిక్ పొర పుట్టిస్తారు. దాంతో చేసిన మోకాలి భాగాలు మార్కెట్లో ఉన్నాయి.

ఇక గట్టిదనం. లోహం ఎంత గట్టిదైతే అంత మంచిదని మనకో నమ్మకం. ఎముకకు అది నచ్చదు. ఎముక బయటి గట్టి భాగం బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, 10 నుంచి 30 గిగాపాస్కల్ మధ్య ఉంటుంది. స్టీలు 190 పైన, కోబాల్ట్-క్రోమియం 210 పైన, మామూలు టైటానియం మిశ్రమం 110 దగ్గర. పక్కన తన కంటే పది రెట్లు బిగువైన రాడ్డు ఉంటే బరువంతా అదే మోస్తుంది. పని లేని ఎముకను శరీరం పోషించదు, అది పలచబడుతుంది. ఎముక మోసే బరువుని బట్టే తన ఆకారం దిద్దుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు. తుంటి కీలులో తొడ ఎముకలోకి దిగే లోహపు కాడ పదిహేనేళ్లకు వదులవడంలో దీని పాత్ర ఉంది.

దీనికి వెతికిన దారుల్లో ఒకటి నయోబియం, టాంటలం, జిర్కోనియం కలిపి టైటానియం లోపలి స్ఫటిక అమరికనే మార్చడం. అలాంటి మిశ్రమాలు 60 గిగాపాస్కల్ దరిదాపులకు దిగాయి, వనేడియం, అల్యూమినియం గొడవా లేదు. తయారీ మాత్రం తలనొప్పి. టైటానియం 1,668 డిగ్రీల దగ్గర కరిగితే టాంటలం 3,000 డిగ్రీలు దాటాలి, రెండూ సమంగా కలవాలి. రెండో దారి త్రీడీ ప్రింటింగ్. లేజర్‌తో పొడిని పొరపొరగా కరిగించి, కొన్ని వందల మైక్రాన్ల రంధ్రాలున్న జాలీలా కడతారు. లోహం తగ్గింది కాబట్టి బిగువు తగ్గుతుంది, రంధ్రాల్లోకి ఎముక పెరిగి పట్టుకుంటుంది. ఉపరితలం ఎన్నో రెట్లు పెరగడం దీని ఇబ్బంది. అయాన్లు వచ్చే చోటూ పెరుగుతుంది, సూక్ష్మజీవులు దాక్కునే చోటూ పెరుగుతుంది.

ఎముక టైటానియంని పట్టుకుంటుందన్నది అనుకోకుండా బయటపడిన సంగతి. 1950ల్లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ చూడటానికి టైటానియం గొట్టం అమర్చాడు, తర్వాత తీయబోతే ఊడి రాలేదు. 1965లో మొదటి రోగికి పంటి ఇంప్లాంట్ వేశారు. అప్పటినుంచి జనం ఆ ఉపరితలం మీదే పడ్డారు. ఇసుక చిమ్మి ఆమ్లంలో ముంచి గరుకు చేయడం, ఎముకలోని ఖనిజమైన హైడ్రాక్సీ అపటైట్‌ని ప్లాస్మాతో చల్లడం, క్షారంలో నానబెట్టి వేడిచేయడం లాంటివన్నీ ఎముక త్వరగా అంటుకోవడానికే. టైటానియం స్క్రూలు నీలం, బంగారు, ఆకుపచ్చ రంగుల్లో కనిపిస్తాయి కదా, అది పూసిన రంగు కాదు. విద్యుత్తుతో ఆక్సైడ్ పొర మందం పెంచితే, ఆ పొర పైనుంచీ అడుగునుంచీ వెనక్కొచ్చే కాంతి కలిసి అలా కనిపిస్తుంది.

గరుకు ఉపరితలం ఎముక కణానికి ఎంత నచ్చుతుందో బ్యాక్టీరియాకీ అంతే నచ్చుతుంది. ముందు ఎవరు కుదురుకుంటే చోటు వాళ్లది. షుగరు అదుపులో లేనివాళ్లలో, పొగ తాగేవాళ్లలో ఎముక కణం వెనకబడుతుంది. వెండి పూతలు, యాంటీబయాటిక్ పూతలు ఎముక కణానికి కాస్త వ్యవధి ఇవ్వడానికే. ఇంకో సంగతి సాధారణంగా ఎవరూ చెప్పరు: తర్వాత తీసేయాల్సిన ప్లేటుకి ఎముక గట్టిగా అంటుకోవడం వరం కాదు. పిల్లల్లో టైటానియం స్క్రూ చుట్టూ ఎముక బిగుసుకుని, తీసేటప్పుడు స్క్రూ తల అరిగిపోయి సర్జన్‌కి చెమటలు పట్టిస్తుంది. అక్కడ నునుపైన స్టీలే మేలు కావచ్చు.

ప్రకాశం వైపు వాళ్లకు ఒక ప్రత్యేకమైన అనుమానం ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్‌ని దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లోనే. ఫ్లోరైడ్ టైటానియం పొరకు శత్రువన్న మాటా నిజమే. మరి కనిగిరిలో టైటానియం పన్ను వేయించుకుంటే? ఆ పొరను తినేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. అది పుట్టాలంటే ఫ్లోరైడ్ బాగా ఎక్కువుండాలి, పీహెచ్ బాగా తక్కువుండాలి. బోరు నీళ్లలో లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు, పైగా ఆ నీళ్లు ఆమ్లం కావు. దాంతో టైటానియంకి వచ్చే టెన్షన్ ఏమీ లేదు. దంతవైద్యులు పూసే ఆమ్ల ఫ్లోరైడ్ జెల్‌లో మాత్రం 12,300 పీపీఎం ఫ్లోరైడ్ ఉంటుంది, పీహెచ్ మూడు, నాలుగు దగ్గర. ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ఆ సంగతి చెప్పి దాన్ని తప్పించుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్ల దెబ్బ లోహానికి కాదు, ఎముకకు. ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపించే ఆ ఎముక లోపల పెళుసు. స్క్రూ ఎంత మంచిదైనా దాన్ని పట్టే ఎముక సత్తా వేరే లెక్క.

పని అయ్యాక కరిగిపోయే మెగ్నీషియం స్క్రూలు కూడా వచ్చాయి, ఐరోపాలో 2013లో ఒకదానికి అనుమతి దొరికింది. గట్టిదనం ఎముకకు దగ్గర, రెండో ఆపరేషన్ అక్కర్లేదు. త్వరగా కరిగి హైడ్రోజన్ బుడగలు వదలడం వీటి సమస్య. తొడ ఎముక బరువు మోసే స్థాయికి ఇంకా రాలేదు.

ధర సంగతికొస్తే, 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి కీళ్లకు గరిష్ఠ ధర పెట్టినప్పుడు కోబాల్ట్-క్రోమియం రకానికి 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సీకరించిన జిర్కోనియం లాంటి ప్రత్యేక లోహాలకు 76,600 రూపాయలుగా నిర్ణయించింది, జీఎస్టీ అదనం. ఆ తర్వాత సవరణలు జరిగాయి. ఖరీదైనది ప్రతిచోటా మెరుగని ఈ తేడా చెప్పదు. ఏడాదిన్నరలో తీసేసే ప్లేటుకి స్టీలు చాలా సందర్భాల్లో సరిపోతుంది. ఎప్పటికీ ఉండిపోయే ఇంప్లాంట్, నికెల్ పడని ఒళ్లు, ముందుముందు ఆ చోటికే ఎంఆర్ఐ అవసరం పడే అవకాశం ఉంటే టైటానియంకి ఇచ్చే అదనపు డబ్బుకి అర్థం ఉంది. ఒకే చోట టైటానియం ప్లేటు, స్టీలు స్క్రూలు కలిపి వాడరాదన్నది మామూలు నియమం, రెండు వేరు లోహాలు ఉప్పునీటిలో తగిలితే కరెంటు పుట్టి క్షయం పెరుగుతుంది. అతికాక రాడ్డు తీయించాలా అంటే, పెద్దవాళ్లలో నొప్పి గానీ, వాపు గానీ, గుచ్చుకోవడం గానీ లేకపోతే చాలావరకు వదిలేస్తారు. ఎదిగే పిల్లల్లో తీయడానికే మొగ్గు.

బిల్లు కట్టాక ఒక్క పని చెయ్యాలి. ప్రతి ఇంప్లాంట్ పెట్టెలో లోహం పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి, ఒకటి కేస్ షీటులో అంటిస్తారు. ఇంకోటి అడిగి డిశ్చార్జ్ ఫైలులో అంటించుకుని, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఏఎస్ఆర్ కీళ్ల మీద మన ప్రభుత్వం వేసిన కమిటీ కనీసం 20 లక్షల పరిహారం ఇవ్వాలని చెప్పింది. తీరా చూస్తే 4,700 మందిలో 3,600 మందికి పైగా ఎక్కడున్నారో తేలలేదు.